పది నిమిషాల ముందు టైము

బస్టాండులో విచారణ కిటికీ వెనక ముప్పై ఒక్క ఏళ్లు కూర్చున్న మనిషిని సొంత పేరుతో పిలిచేదెవరు? డిపోలో అందరూ ఆయన్ని గడియారం అనేవాళ్లు. ప్రయాణికులు బాబాయ్ అనేవాళ్లు. బస్సు తప్పిపోయి కోపమొచ్చిన వాళ్లు ఇంకేవేవో అనేవాళ్లు కానీ అవన్నీ ఇక్కడ రాయనక్కర్లేదు.

కిటికీ అంటే ఏదో పెద్దగా ఊహించుకోకండి. గీతలు పడ్డ అద్దం, దాని కింద చెయ్యి పట్టేంత కన్నం, అంతే. అవతలి వాళ్ల మాట వినబడాలంటే ఆయన మెడ వంచి చెవి ఆ కన్నం దగ్గర పెట్టాలి. అలా వంగీ వంగీ మెడ ఎడమ పక్కకి ఒరిగిపోయింది. పెళ్లి ఫొటోలో నిటారుగా నిలబడ్డ మనిషి, ఇప్పటి గుర్తింపు కార్డులో మాత్రం ఎవరో ఏదో అడుగుతుంటే వింటున్నట్టు ఉంటాడు.

నూట పద్దెనిమిది సర్వీసుల టైములూ ఆయనకి కంఠతా వచ్చు. నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. కానీ ఒక్క విషయం డిపోలో ఎవరికీ తెలియదు. చేరిన కొత్తలో తప్పిస్తే, ఆయన ఏనాడూ సరైన టైము చెప్పలేదు. బస్సు పదీ ఇరవైకి ఉంటే పదీ పదికి అనేవాడు. ఎనిమిదింటికి ఉంటే "ఏడూ యాభైకల్లా ఇక్కడుండాలమ్మా, ఆపైన నీ ఇష్టం" అనేవాడు.

దానికో కారణం ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, పరీక్షకి వెళ్లాల్సిన ఒకమ్మాయికి ఉన్నదున్నట్టు సరైన టైము చెప్పాడు. ఆ పిల్ల పరిగెత్తుకుంటూ గేటు దగ్గరికి వచ్చేసరికి బస్సు మలుపు తిరిగిపోతోంది. ఆ అమ్మాయి ఏడవనైనా ఏడవలేదు. కిటికీ దగ్గరికొచ్చి, "మీరు చెప్పిన టైముకే వచ్చాను కదండీ" అంది. ఆ మాట ఆయన్ని నెల రోజులు నిద్రపోనివ్వలేదు. అప్పటినుంచీ పది నిమిషాలు ముందుకి జరిపి చెప్పడం మొదలుపెట్టాడు. జనం ఎలాగూ ఆలస్యంగానే బయల్దేరతారు, ఆ ఆలస్యమేదో నా ఖాతాలోనే పడనీ అనుకున్నాడు. అబద్ధమే, కాదనను. అయినా ఆ అబద్ధం వల్ల ఎన్ని వేలమందికి బస్సు దొరికిందో ఎవరు చెప్పగలరు?

ఆయనకి ఒక్కతే అక్క. ఊరి చివర కాలనీలో, ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకుని కుట్టుపని చేసేది. గుండీల కాజాలు కుట్టడంలో ఆవిణ్ణి మించినవాళ్లు లేరని బట్టల కొట్లవాళ్లే చెప్పేవాళ్లు. భర్త పోయి చాలా ఏళ్లయింది, పిల్లల్లేరు. గడప దాటాలంటే ముందు తమ్ముడికి ఫోను చెయ్యాల్సిందే.

"ఒరేయ్, మార్కెట్ బస్సు ఎన్నింటికి?"

"ఎనిమిదింబావుకి అక్కా."

"సరే." టక్కున పెట్టేసేది. బాగున్నావా, భోంచేశావా అనే మాటలేవీ ఉండేవి కావు. ముప్పై ఏళ్లలో ఆవిడకి ఒక్క బస్సూ తప్పిపోలేదు. ఆ సంగతి ఆయన నలుగురిలో మీసం దువ్వుకుంటూ చెప్పుకునేవాడు. "మా అక్కని చూడండి, ఎప్పుడైనా స్టాపులో పడిగాపులు పడిందా? అంతా నా చలవే."

ఇంతలో డిపోకి యాప్ వచ్చింది. వచ్చిందంటే ఊరికే ఊడిపడలేదు, పై ఆఫీసు నుంచి ఒక కుర్ర ఇంజనీరమ్మ లాప్‌టాప్ పట్టుకుని దిగింది. కాగితాల్లో ఒక టైముంది, బోర్డు మీద ఇంకొకటుంది, డ్రైవర్లు చెప్పేది మూడోది. దాంతో నాలుగు నెలలు ఆయన పక్కనే కుర్చీ వేసుక్కూర్చుని ఒక్కో సర్వీసు అడిగి ఎక్కించింది. మొదట ఆయన ముఖం ముడుచుకున్నాడు. రెండో వారానికి మెత్తబడ్డాడు. నెల తిరిగేసరికి "మన యాప్" అనడం మొదలుపెట్టాడు.

ఒకరోజు ఆ పిల్ల పట్టేసింది. "సార్, కాగితంలో పదీ ఇరవై అని ఉంది. ఇందాక ఆ పెద్దాయనకి పదీ పది అన్నారు. ఏది రాయమంటారు?"

ఆయన నాలుక కరుచుకున్నాడు. చుట్టూ చూసి, గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పేశాడు. యాప్‌లో కూడా పది నిమిషాలు ముందుకే పెట్టమ్మా, జనానికి మేలు అని బతిమాలాడు కూడా.

"కుదరదు సార్. యాప్‌లో పెట్టిన నిమిషానికే బండి తియ్యాలని డ్రైవర్లకి ఆర్డరు వస్తోంది. మనం తప్పు టైము పెడితే రోజూ గొడవే."

"సరేలే, ఉన్నదే పెట్టు. నేను చెప్పింది మాత్రం ఎవరితోనూ అనకమ్మా, పరువు పోతుంది."

యాప్ తయారైంది. పై ఆఫీసులో సభ పెట్టి ఆయనకి ప్రశంసాపత్రం ఇస్తామని కబురొచ్చింది. మనిషి ఉప్పొంగిపోయాడు. సరిగ్గా అప్పుడే అక్క కుడికన్ను మొరాయించింది. కంటి ముందు నల్లటి తెర దిగుతోందంది. డాక్టరు చూసి, లోపలి పొర లేచిపోతోంది, వెంటనే ఆపరేషను చెయ్యాలన్నాడు. అది చేసే పెద్ద సర్జను మన ఆసుపత్రికి పదిహేను రోజులకోసారి వస్తాడు. గురువారం పొద్దున్న ఏడున్నర లోపు పేరు రాయించుకున్న వాళ్లకే ఆ రోజు ఆపరేషను. సభ కూడా ఆ గురువారమే.

"నేను మానేస్తానక్కా, నీతో వస్తా" అన్నాడు. అన్నాడు గానీ ఆ గొంతులో వద్దనిపించుకోవాలనే ఆశే ఎక్కువ ఉంది. అక్కకి తెలియదా?

"నీకు జన్మకో పత్రం వస్తోంది, పోరా. ఒక్క బస్సెక్కి వెళ్లలేనా? ఆసుపత్రిలో పక్కింటి కోడలు నర్సుగా ఉంది, చూసుకుంటుంది."

ముందు రోజు సాయంత్రం వెళ్లి ఆవిడ ఫోనులో యాప్ పెట్టాడు. అక్షరాలు పెద్దవి చేశాడు. ఆసుపత్రి బస్సు నొక్కి చూపించాడు. ఐదూ నలభై. ఎంత మురిసిపోయాడంటే, తప్పు మాట ఒకటి అనేశాడు. "ఇందులో టైములన్నీ నేను చెప్పినవే అక్కా. ఇది చూసుకున్నావంటే నన్ను అడిగినట్టే."

"అలాగా" అంది అక్క. తమ్ముడి వంక గర్వంగా చూసింది కూడా.

గురువారం తెల్లవారుజామున ఆవిడ లేచి, స్నానం చేసి, ఏమీ తినకుండా, డాక్టరు చెప్పినట్టు రెండు కళ్లలోనూ మందు వేసుకుంది. వేసుకున్నాక పది నిమిషాలు కళ్లు మూసుకుని పడుకోవాలి. పడుకుంది. ఐదూ ముప్పై ఎనిమిదికి తాళం వేసి స్టాపుకి నడిచింది. ఐదు నిమిషాల నడక. వెళ్లి బల్ల మీద నిమ్మళంగా కూర్చుంది. తన లెక్క ప్రకారం ఇంకా ఏడు నిమిషాలుంది మరి.

బస్సు అప్పటికి మూడు నిమిషాల కిందటే వెళ్లిపోయింది. కొత్త ఆర్డరు కదా, డ్రైవరు ముల్లు చూసి మరీ తీశాడు.

ఐదూ యాభై అయింది, రాలేదు. ఆరయింది. మందు వేసిన కళ్లకి ఫోను మీద అక్షరాలు మసకమసకగా ఉన్నాయి. సొంత బండి లేదు, ఆ వేళకి కిరాయి బళ్లు అటువైపు రావు. ఆరూ ఐదుకి తమ్ముడికి ఫోను చేసింది.

ఆయన అప్పుడు పై ఆఫీసుకి వెళ్లే బస్సులో, ఇస్త్రీ నలగకుండా బిగదీసుకుని కూర్చున్నాడు. ఫోను మోగింది. అక్క. పక్క సీటాయన వైపు తిరిగి, "చూశారా, అన్నీ ఫోనులో పెట్టిచ్చానండీ, అయినా నన్నే అడుగుతారు! అలవాటు పడాలి మరి, లేకపోతే ఎలా?" అని నవ్వుతూ కట్ చేశాడు. రెండోసారి మోగింది, మళ్లీ కట్ చేశాడు. మూడోసారి మోగకుండా సైలెంట్‌లో పెట్టాడు.

ఏం పొగరండీ ఆ మనిషికి! చెప్తుంటే నాకే ఒళ్లు మండుతోంది. ఆ ఫోను ఎత్తి ఉంటే ఒక్క మాటతో పని జరిగిపోయేది. ఆరూ ఇరవైకి నాలుగు రోడ్ల దగ్గరికి డ్యూటీ బండి వస్తుంది. డ్రైవర్లనీ కండక్టర్లనీ దింపే బండి అది. చెయ్యెత్తితే ఎవర్నైనా ఎక్కించుకుంటుంది, ఏడూ ఇరవైకల్లా ఆసుపత్రి ముందు దింపుతుంది. ఏ బోర్డు మీదా ఉండదు, యాప్‌లో అసలే లేదు. ఆయన తలకాయలో మాత్రమే ఉంది. ఆవిడ కూర్చున్న బల్లకీ నాలుగు రోడ్లకీ మధ్య దూరం రెండు వందల గజాలు.

ఆవిడ ఏడూ ముప్పై అయిదు బస్సెక్కింది. వెళ్లేసరికి ఎనిమిదీ ముప్పావు. జాబితా మూసేశారు. నర్సు బతిమాలినా లాభం లేకపోయింది. వేరే ఊరి పెద్దాసుపత్రికి రాసిచ్చారు. అక్కడ మంచం దొరికేసరికి తొమ్మిది రోజులు పట్టింది. ఆపరేషను చేశారు, చెయ్యడమైతే చేశారు. ఆ గురువారమే జరిగి ఉంటే చూపు చాలావరకు నిలిచేదని అక్కడి డాక్టరు ఉన్నమాట చెప్పేశాడు. ఇప్పుడు ఆ కంటికి వెలుగు తెలుస్తుంది, మనిషి తెలియడు.

కట్టు విప్పిన రోజు వరండాలో తమ్ముడు పక్కన కూర్చున్నాడు. అన్నాళ్లూ అడగలేకపోయిన మాట అడిగాడు.

"ఐదూ నలభై అని అందులో ఉంది కదక్కా. చూశావు కూడా కదా."

"చూశానురా. నీ టైమే కదా అని పది నిమిషాలు కలుపుకున్నా."

ఆయన అక్క వైపు తిరిగాడు. "నీకెలా తెలుసు?" అన్నాడు.

"ముప్పై ఏళ్ల నుంచీ తెలుసు. నువ్వు ఏడున్నర అంటే బస్సు ఏడూ నలభైకి వచ్చేది. ఎనిమిదంటే ఎనిమిదీ పదికి. మొదటి నెల్లోనే కనిపెట్టా. అందరి మేలు కోరి చెప్తున్నావు, పైగా ఎవరికీ తెలియదని మురిసిపోతున్నావు. ఎందుకులే బయటపెట్టడమని ఊరుకున్నా. నువ్వు చెప్పేవాడివి, నేను కలుపుకునేదాన్ని. అందులో టైములన్నీ నేను చెప్పినవే అన్నావు కదరా మరి?"

ఆ మాటల్లో కోపం లేదు. ఉంటే బాగుండేది, ఆవిడ కాళ్ల మీద పడేవాడు. ఆవిడ మామూలుగా, ఏదో కొలత తప్పిన జాకెట్టు గురించి చెప్పినట్టు చెప్పింది. ఆయన మెడ మరింత ఒరిగిపోయింది. "నీ ఫోను కట్ చేశానక్కా" అన్నాడు, ఏడుపు ఆపుకోలేక. "కావాలనే కట్ చేశాను. నీకు అలవాటు కావాలని."

"తెలుసులే" అని ఆవిడ ఆయన చెయ్యి తీసి తన ఒళ్లో పెట్టుకుంది.

విచారణ కిటికీ ఆ ఏడాదే మూసేశారు. అద్దానికి చెక్క కొట్టి, యాప్ ఎలా వాడాలో చెప్పే కాగితం అంటించారు. ఆయన్ని పార్సిళ్ల గదిలో వేశారు. డ్యూటీ బండిని కూడా యాప్‌లో ఎక్కించమని మూడు అర్జీలు పెట్టుకున్నాడు. అది సర్వీసు కాదు, కుదరదన్నారు. ప్రశంసాపత్రం ఇంట్లో బీరువా పైన, గోడ వైపు తిప్పి ఉంది.

అక్క కాజాల పని మానేసింది. ఒంటికంటితో సూదిలోకి దారం ఎక్కదు. ఫోను మీద అక్షరాల కోసం కళ్లు చిట్లించడమూ మానేసింది. కన్ను చూపించుకోవడానికి నెలనెలా ఆసుపత్రికి వెళ్లాలి. అలాంటి ఒక పొద్దున్న పార్సిళ్ల గదిలో ఆయన ఫోను మోగింది. ఈ మధ్య అక్క ఫోనైతే మొదటి మోతకే ఎత్తుతాడు.

"ఒరేయ్, ఆసుపత్రి బస్సు ఎన్నింటికి?"

ఆయన యాప్ తెరిచి చూశాడు. గోడ మీది టైముల కాగితం చూశాడు. రెండూ ఒకటే చెప్తున్నాయి. అయినా ఇంకోసారి చూసుకుని చెప్పాడు.

"పదీ ఇరవైకి అక్కా."



"అది నీ టైమా, బస్సు టైమా?"

"బస్సు టైమే. ఇంక ఎప్పుడూ అదే చెప్తానక్కా. ఒట్టు."

"అదొద్దులే. నువ్వెప్పుడూ చెప్పేదే చెప్పరా. కలుపుకోవడం నాకు అలవాటు."

ఆయన పాత అలవాటుగా మెడ వంచి ఫోను చెవికి ఆనించుకున్నాడు. పక్క బల్ల దగ్గర పార్సిళ్ల గుమాస్తా తలెత్తి చూశాడు.

"పదీ పదికి అక్కా" అన్నాడు.

"సరే." టక్కున పెట్టేసింది.

ఆయన ఆ పూటకి సెలవు చీటీ రాసి గుమాస్తా చేతిలో పెట్టాడు. పదింటికల్లా అక్క వాళ్ల స్టాపుకి వెళ్లి, ఆ బల్ల మీద కూర్చున్నాడు.