మొరాకో జాతర, వర్లి కలేజీ

జీవితంలో ఒకే ఒక్కసారి ప్రేమ సంగతి నోరు తెరిచి చెప్పాను. అదీ అమ్మాయికి కాదు, వాళ్ల నాన్నకు. ఆయన మటన్ తూకం వేస్తున్నప్పుడు. ఇంత ఘనకార్యం ఎలా చేశానో చెబుతాను, మీరు మాత్రం మా మామ ఎదురుపడితే నవ్వకండి.

అప్పట్లో మేము కామాటిపురలో, మా తాత వలసొచ్చి చేరిన ఒంటిగదుల పాత చాల్‌లోనే, గ్యాలరీ చివరి గదిలో ఉండేవాళ్లం. తెల్లారకముందే నీళ్లొచ్చేవి. బిందెల దగ్గర మరాఠీలో తిట్టుకున్న ఆడవాళ్లే కాసేపటికి తెలుగులో కూరలు పంచుకునేవారు. ఇప్పుడా చాల్‌ను ఖాళీ చేయిస్తున్నారు. ఆ బిందెల చప్పుడు లేక నాకిప్పటికీ పొద్దున లేవబుద్ధి కాదు.

ఫాక్‌లాండ్ రోడ్డులో ఒక టూర్ల ఆఫీసులో నా ఉద్యోగం. పుణె దాటి ఎరుగను గానీ మొరాకోలో ఏ నెలలో ఏ పండుగో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ని. మేలో గులాబీల పండుగ, వేసవిలో పాటల పండుగలు, సెప్టెంబరులో కొండల మీద పెళ్లిళ్ల జాతర, చలి మొదలయ్యేసరికి ఖర్జూరాల పండుగ. వెళ్లేవాళ్లకు ఇలా నెలలు చూసి ప్రయాణాలు కుదర్చడమే నా పని. పెళ్లిళ్ల జాతరంటే నాకు ప్రాణం. అక్కడ పిల్ల తనకు నచ్చినవాడితో "నా కలేజీ నువ్వే పట్టుకున్నావు" అంటుందట. వాళ్లకు ప్రేమ ఉండేది గుండెలో కాదు, కలేజీలో, అంటే కాలేయంలో.

ఆ రోజుల్లోనే వర్లిలో వనజను చూడబోయాం. వాళ్ల నాన్న యాదగిరికి అక్కడ మటన్ దుకాణం.

"లగ్గం అయినంక ఏడికి తీస్కపోతవ్? మా అక్కను మహాబలేశ్వర్ తీస్కపోయిండ్రు" అంది వనజ.

"మొరాకో" అన్నాను.

"ఎప్పుడు?"

"ఏ పండుగకు పోదామంటే ఆ పండుగకు."

ఆమె నవ్వింది. ఆ నవ్వుతో నా పని అయిపోయింది. వాళ్లు మాత్రం "సోంచాయించి చెప్తం" అన్నారు. రోజులు గడిచాయి, కబురు లేదు. నాకు అన్నం సయించలేదు. సంబంధం తెచ్చిన మా చిన్నమ్మను పట్టుకుంటే, "ఇగో, వాళ్ల నంబర్" అని ఇచ్చింది. వాళ్ల అంటే వనజ అనుకున్నాను. వాట్సాప్‌లో ఫొటో కూడా బతుకమ్మదే. ఇంక అనుమానం ఎందుకొస్తుంది?

"కామాటిపుర నుంచి. గుర్తు పట్టిండ్రా?" అని రాశాను.

"గుర్తున్నది. చెప్పండి."

"సెప్టెంబర్ల జాతర ఉన్నది. మీకు ఇష్టమేనా?"

"జాతరకైతే ముందే చెప్పాలె. ఎంతమంది?"

"ఇద్దరమే."

"ఇద్దరికైతే తిప్పల లేదు. చూసుకుంటం."

చూసుకుంటుందట. నేను కరిగిపోయాను. కరిగిన మనిషికి బుద్ధి ఉండదు కదా, ఇంకో మాట కొట్టాను: "నా కలేజీ మీ దగ్గరనే ఉన్నది."

"పక్కకు పెట్టినం. ఆదివారం పొద్దుగాల వచ్చి తీస్కపోండి. లేటైతే ఉండది."

ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో గులాబీలతో వర్లిలో దిగాను. దుకాణం ముందు జనం బారులు తీరి ఉన్నారు. నా వంతు రాగానే "కామాటిపుర నుంచి" అన్నాను.

"కలేజీ నీదేనా?" అన్నాడు యాదగిరి మామ తల ఎత్తకుండా.

"నాదే మామా" అన్నాను, వనజ ఇంట్లో చెప్పేసిందనుకుని.

"ఎంత?"

"ఎంతేంది మామా, మొత్తం."

"మొత్తం నీకే ఇస్తే వెనకోళ్లకు ఏమియ్యాలె?" అంటూ తలెత్తాడు. "నువ్వు కామాటిపుర పిలగానివి గదా. ఆ పూలేంది?"

మొరాకో కొండల నుంచి మొదలుపెట్టి మొత్తం చెప్పేశాను. వరుసలో ఉన్నవాళ్లందరూ విన్నారు. మామ కత్తి కింద పెట్టాడు.

"అంటే ఆ జాతర, ఈ కలేజీ, అన్నీ నువ్వే రాసినవా? నాకు?"

"మీకు గాదు మామా, వనజకు."

"నేను రోజూ వచ్చే గిరాకీ అనుకొని పక్కకు పెట్టిన."

"పిలగాడు మంచిగనే ఉన్నడు. ముందుగాల నా కీమా కొట్టు, యాదగిరి" అంది వెనకున్న ముసలమ్మ.

అప్పుడు చూశాను. నాన్నకు చాయ్ తెచ్చిన వనజ తలుపు పక్కనే నిలబడి ఉంది. ఇక సంబంధం పోయినట్టే అనుకున్నాను.

"ఆ జాతరల పిల్లకు నచ్చకుంటే?" అంది.

"చెయ్యి ఇడిపించుకొని పోతది. ఎవ్వలు ఏమనరు."

ఆమె మామ పక్కకు పెట్టిన నా కలేజీ పొట్లం వైపు చూసింది. "నాన్నా, ఎంత కట్టినవ్?"

"పావు కిల."

"కిల చెయ్యి. మనం గూడ పోవాలె గదా, ఇయ్యాల వాళ్లింట్ల తినేతందుకు."

నాకు అర్థం కాలేదు. ముసలమ్మే నన్ను పక్కకు నెట్టింది. "నీకు పిల్ల ఖాయమైంది బిడ్డా, ఇగ జరుగు."

ఆ మధ్యాహ్నం మా గదిలో చోటు చాలక అందరం గ్యాలరీలో కూర్చుని తిన్నాం. అంత రుచి మళ్లీ ఎరగను.

అందుకే పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ప్రేమ విషయంలో ఇకమీదట కలేజీ పేరెత్తను. గుండె పేరు మాత్రమే ఎత్తుతాను. అదీ వరుసలో ముందు నిలబడితేనే. మా మామ దుకాణంలో గుండె తొందరగా అయిపోతుంది.