రాగి బిందె నీళ్లు

మొన్న రెజిమెంటల్ బజార్‌లో చేపలు అమ్మే ఆమె బొచ్చె చేప మొప్ప ఎత్తి చూపించింది. ఎర్రగా, తడిగా ఉంది. ఆ పచ్చివాసనకు శారద మేడమ్ గుర్తొచ్చింది. ఏ.ఎస్. రావు నగర్‌లో వాళ్లింట్లో వంట చేసేదాన్ని. మేడమ్ కాలేజీలో పాఠాలు చెబుతూ డాక్టరేటు కోసం చదివేది. కాలేజీలో నీళ్లకు కటకటని చేపల తొట్లు ఇంటి వెనక రేకుల షెడ్డులో పెట్టుకుంది. ఒక తొట్టిలో కంటికి ఆననంత సన్నటి వెండి పొడి కలిపేది. అందులో చేపపిల్లల మొప్పలు పాలిపోయి జిగురు పట్టేవి. పైకొచ్చి నోళ్లు తెరిచేవి. పక్క తొట్టిలో ఉత్త నీళ్లు.

"వెండి గ్లాసుల పిల్లలకు పాలు తాపుతం గద మేడమ్. గది చంపుతదా?"

"గ్లాసు ఏం చేయదు యాదమ్మా. ఇంత సన్నం చేస్తే మొప్పల్లోకి దూరుతుంది. వాసన రాకుండా బట్టల్లో కలుపుతున్నారు. ఉతికిన నీళ్లు చెరువుకే కదా పోయేది."

"మరి గీ తొట్టిల ఏం ఎయ్యవా?"

"వేయకూడదు. ఇవి బాగుంటేనే అవి ఎందుకు చచ్చాయో చెప్పగలను."

చదువు ముగింపుకొచ్చిన రోజుల్లో, ఒక పొద్దున ఉత్త నీళ్ల చేపలు కూడా తేలిపోయాయి. మేడమ్ నేల మీద కూలబడింది. అంతా మళ్లీ మొదటి నుంచి చేయాలి. అప్పుడు రాజమండ్రి నుంచి వచ్చి ఉంటున్న వాళ్ల అత్తగారు మెల్లగా నోరు విప్పింది.

"రోజూ పొద్దున్నే రాగి బిందె నీళ్లు పోస్తున్నానే అమ్మాయ్. వీటికి మాత్రం నువ్వేమీ పెట్టట్లేదని జాలేసింది. నా వల్లేనంటావా?"

మేడమ్ అరుస్తుందనుకున్నాను, లేదంటే కాదని అబద్ధమాడుతుందనుకున్నాను. రెండూ చేయలేదు.

"మీ నీళ్ల వల్లే అనుకుంటున్నాను అత్తయ్యా. రాగి మనకు పడుతుంది, వీటికి పడదు."

పెద్దావిడ కొంగు నోట్లో కుక్కుకుంది. మేడమ్ లేచి ఆమె చేయి పట్టుకుంది. "ఆకలేస్తోంది. ఇద్దరం తిందాం రండి."

ఆ ఏడు డాక్టరేటు రాలేదు. కొత్త చేపలొచ్చిన నాటి నుంచి అత్తగారు షెడ్డు ముందు కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంది.

"నన్ను సుత రానియ్యవా పెద్దమ్మా?" అనేదాన్ని.

"ముందు నన్నే నేను రానివ్వను."

మరుసటేడు పట్టా తెచ్చి మేడమ్ మొదట ఆమె ఒళ్లోనే పెట్టింది.

ఈమధ్య యాప్రాల్‌లో మా కోడలు ప్రసవించింది. బాలింతలకు పెట్టే కాయం ఉండ చేసి పట్టుకుపోయి, రాగి బిందె గుర్తొచ్చి గుమ్మంలో ఆగాను.

"ఏం తినాలనుంది బిడ్డా?"

"పెరుగన్నం అత్తమ్మా. డాక్టరమ్మ సుత తినమంది."

బాలింతకు పెరుగేందని నోటిదాకా వచ్చింది. ఉండ అక్కడే పెట్టి, పెరుగు తేవడానికి గిన్నె తీసుకున్నాను.