పలగేయా కొట్టిన బిరడాలు

జర్మన్లు వెళ్ళిపోయిన ఆ వేసవిలో, పలేస్సే చిత్తడినేలల మీది రైలుదారిని మళ్ళీ పాత వెడల్పుకు తేవలసివచ్చింది. వాళ్ళు వచ్చిన కొత్తలో తమ బళ్ళ చక్రాలకు సరిపడేలా ఒక పట్టాను బెత్తెడు లోపలికి జరిపించారు. ఇప్పుడు క్షతగాత్రుల బండి రావాలంటే దాన్ని బెత్తెడు బయటికి జరపాలి.

ఆనాడు తుపాకుల నీడలో జరిపిందీ ఈ ఊరి ఆడవాళ్ళే. అయినా అందరినీ పట్టాలు జరిపే గ్యాంగులోకి తీసుకుని పలగేయాను మాత్రం పక్కన నిలబెట్టారు. గ్యాంగులో లేకపోతే రొట్టె లేదు. రొట్టె మాట అటుంచి, పట్టాలు చూసుకునే లైన్‌మన్‌గా పనిచేసి చనిపోయిన సిమోన్ భార్యగా ఆ దారి పక్కనే బతికిన మనిషికి అంతకన్నా వెలి ఏముంటుంది?

కారణం గ్యాంగులోని ఫ్యోక్లా అందరి ముందూ చెప్పింది.

"జరపమంటే అందరం జరిపాం మేస్త్రీ. ఈవిడగారు మాత్రం పీకేసిన మేకుల కన్నాలన్నిటికీ కొయ్య బిరడాలు చెక్కి, తారులో ముంచి మరీ కొట్టింది. జర్మన్ల దారిని పెళ్ళికూతుర్ని ముస్తాబు చేసినట్టు! ఎవడడిగాడమ్మా నిన్ను?"

మేస్త్రీ రమాన్ సావిచ్ సిమోన్‌తో కలిసి పనిచేసినవాడు, జర్మన్లు పోయాక తిరిగొచ్చినవాడు. మెత్తగానే అడిగాడు.

"మేం తిరిగొస్తామని కొట్టావు, అంతే కదూ పలగేయా?"

అవునంటే సరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా.

"ఏమో రమాన్ సావిచ్. కన్నం తెరిచి వదిలితే నీళ్ళు దిగి పట్టా కింది స్లీపరు దుంగ కుళ్ళుతుంది. మా ఆయన అలా వదిలి ఏనాడూ ఇంటికి రాలేదు. నాకూ చేతకాలేదు. ఎవరికోసమని అప్పుడు ఆలోచించలేదు."

"విన్నారా!" అంది ఫ్యోక్లా.

మేస్త్రీ పని మొదలుపెట్టించాడు. దారి మధ్యలోని వంతెనకు ఇవతల, పలగేయా పనిచేసిన చోట, మేకులు బిరడాల్లోకి కిర్రుమంటూ దిగి పట్టుకున్నాయి. అవతల ఫ్యోక్లా వాళ్ళ వైపు కుళ్ళిన కొయ్యలో, ఉడికిన దుంపలో పుల్ల గుచ్చినట్టు దిగబడి, చేత్తో లాగితే ఊడివచ్చాయి. చాలా స్లీపర్లు మార్చాలి. పనికొచ్చేవాటికైనా బిరడాలు పడాలి.

మధ్యాహ్నానికి మేస్త్రీ పలగేయా ముందు ఒక గొడ్డలి పెట్టాడు.

"చెక్కడం మొదలుపెట్టు. పై అధికారులొచ్చి అప్పుడెందుకు కొట్టావని మళ్ళీ అడుగుతారు."

"ఏం చెప్పను?"

"నాకు చెప్పిందే చెప్పు. వాళ్ళేమంటారో నాకూ తెలీదు."

కొయ్య మోసుకొచ్చే పని ఫ్యోక్లాకు పడింది. మోపు ధడేల్మని పడేసింది.

"ఇది పచ్చిదే. ఎండితే వదులైపోతుంది," అంది పలగేయా.

"తెలుసులేవే! రైలుదారి మీద పనిచేసిన మొగుడు నీ ఒక్కదానికేనా ఉన్నది?" అని గొణిగి, మోపు మళ్ళీ ఎత్తుకుని ఎండుకొయ్య కోసం వెళ్ళింది.

క్షతగాత్రుల బండి వచ్చినప్పుడు నడకకన్నా నెమ్మదిగా వంతెన దాటింది. అందరూ కిటికీల్లోని ముఖాల వైపు చేతులూపారు. పలగేయా మాత్రం ఒక్కో చక్రం కింద మేకు కదులుతుందేమోనని వంగి చూస్తూ ఉండిపోయింది.