మేక కడుపులో కథ

మా చిన్నప్పుడు తొండియార్‌పేట ఇంట్లో పాత కాగితం పారేసేవాళ్ళం కాదు... మెంతులతో నానబెట్టి, రోట్లో రుబ్బి, ఆ గుజ్జును కుండ మీద మెత్తి ఎండబెడితే బుట్ట అయ్యేది. ఆ పని మా అవ్వది, అంటే నాన్నమ్మది.

అవ్వకు తెలుగు చదవడం వచ్చు. నాది తమిళ బడి... తెలుగు మాట్లాడడమే వచ్చు. పాత పేపర్ల కొట్లో దొరికిన అట్టలేని పుస్తకమొకటి అవ్వ రోజూ చదివి వినిపించేది. వరదలో తప్పిపోయిన తమ్ముణ్ణి వెతుక్కుంటూ, మేకను పడవెక్కించుకుని పోయే పడవవాడి కథ.

పుస్తకం కుట్టు ఊడిపోయింది. పేజీల అంకెలతో సహా మూలలు ఎలుకలు కొట్టేశాయి. అందుకని చదివినవి ఒక కట్ట, చదవనివి ఒక కట్ట కట్టి ట్రంకు పెట్టెలో పెట్టేది.

కథ సగంలో ఉండగా అత్త కాన్పుకని అవ్వ నెల్లూరు వెళ్ళింది.

"మిగతాది నేనొచ్చినాక సదువుకుందాం మే."

అమ్మానాన్నలు పని నుంచి వచ్చేసరికి చీకటిపడేది. బడి నుంచి వచ్చి తాళం తీసేది నేనే. మాట్లాడడానికి ఎవరూ లేక, గుజ్జుతో పడవవాణ్ణి చేశాను. తర్వాత పడవ... మేక దగ్గరికొచ్చేసరికి కాగితం అయిపోయింది.

చదివేసిన కట్టే కదా అని పెట్టె తెరిచాను. రెండు కట్టలూ నాకు ఒకేలా కనిపించాయి. పైనున్నది తీసి నానబెట్టాను.

అవ్వ వచ్చి, మెంతిగింజల కళ్ళున్న మేకను చూసి, "బలే ఉండాదే!" అంది. సాయంత్రం కట్ట విప్పింది.

"ఇది మనం సదివిందేనే. ఇంకోటి యాడమ్మే?"

మేకను చూపించాను.

అవ్వ చాలాసేపు నవ్వింది. "కతంతా దాని కడుపులోనే ఉండాది. తమ్ముడు దొరికినాడో లేదో దాన్నే అడుగు, పో."

"నువ్వే చెప్పవ్వా."

"నాకేం తెలుసు? రాసినోడికి తెలిసుంటాది."

ఆ తర్వాత మొదటి కట్టే మళ్ళీ మళ్ళీ చదివింది. ప్రతిసారీ పడవ నది మధ్యలో ఆగిపోయేది.

అవ్వ పోయాక ఇంట్లో తెలుగు తగ్గిపోయింది. అమ్మ కూడా తమిళంలోనే మాట్లాడేది. అంబత్తూరులో ఉద్యోగంలో చేరాక, గదిలో ఒక్కదాన్నే కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాను. మొదట చదివింది ఆ మిగిలిన కట్టనే... నది మధ్య దాకా.

మేక ఇంకా నా దగ్గరే ఉంది. ఒక కన్ను రాలిపోయింది. వానాకాలం మెంతుల వాసన వస్తుంది.

ఈ కథ మీలో ఎవరైనా చదివారా... తమ్ముడు దొరికాడా? తెలిస్తే కింద రాయండి. తెలుగులోనే రాయండి... ఇప్పుడు చదవగలను.