గుమ్మం ఎక్కినవాళ్లకు మంచినీళ్లు

బర్ దుబాయ్‌లో నేను పనిచేసే హోటల్ కింది అంతస్తులో ఒక పబ్బు ఉంది. ఆ చుట్టుపక్కల అంత పాతది మరొకటి లేదు. చెక్క బల్లల మీద ఎన్నేళ్లవో గ్లాసుల మరకలు, ఒక మూల చిన్న స్టేజీ, దాని మీద వారానికి ఆరు సాయంత్రాలు పాట. వచ్చినవాళ్లను ఎదురేగి పలకరించి కూర్చోబెట్టడం నా పని. మా తాతగారి కచేరీ సావిడిలో ఈ పనికే నలుగురు ఉండేవారట. ఆ సావిడి మా నాన్నగారి హయాంలోనే చేజారింది. నడుము వంచకుండా నిలబడటం ఒక్కటే నా వాటాకు వచ్చింది.

హోటల్‌కు అటూ ఇటూ ఇసుక పార్కింగులే ఉండేవి. కరోనాతో పాట ఆగిపోయిన నెలల్లో ఒకవైపు పునాదులు తవ్వారు. మళ్లీ పాట మొదలైన కొంతకాలానికి, స్టేజీ వెనక గోడకు ఒక కారు పట్టేంత దూరంలో తొమ్మిది అంతస్తుల ఇళ్లు లేచి నిలబడ్డాయి.

కొత్తగా ఇల్లు చేరినవాళ్లు ఇరుగుపొరుగును వచ్చి పిలవాలి. మా వైపు మర్యాద అది. ఎవరూ రాలేదు. నేను నొచ్చుకున్నాను. ఏడాదికోసారి ఫ్లాటు మారే ఊళ్లో ఎవరు ఎవరిని పిలుస్తారన్న ఆలోచనే నాకు రాలేదు.

చివరికి ఒక్కరు వచ్చారు. నర్సు యూనిఫాం మీద స్వెటర్ వేసుకున్న ఒక ఆవిడ. హోటల్ గుమ్మం దగ్గరే నిలబడి, డ్రమ్స్ కొంచెం తగ్గించగలరా అని ఇంగ్లీషులో అడిగింది. మీ బిల్డింగ్ కంటే ముందు నుంచీ ఈ హాలు ఇక్కడ ఉంది అని నేనూ ఇంగ్లీషులోనే చెప్పి, ఆమె బయటికి వెళ్లడానికి తలుపు తెరిచి పట్టుకున్నాను.

నెల తిరక్కుండా, ఆవిడ మునిసిపాలిటీకి ఇచ్చిన ఫిర్యాదు కాగితం వచ్చింది. ముదీర్, అంటే మా మేనేజరు, అందరినీ పిలిచి విషయం చెప్పాడు. ఫిర్యాదు వెనక్కి తీసుకోకపోతే పాట కచేరీకి పర్మిట్ మళ్లీ ఇవ్వరు. యజమాని హాలును బఫే గదిగా మార్చేస్తాడు. "ఫిర్ బ్యాండ్ ఖలాస్," అన్నాడు ముదీర్.

అందరికంటే ముందు మా డ్రమ్మర్ ముఖం వాడిపోయింది. అతనిది జగిత్యాల పక్క పల్లె. అబుదాబి దగ్గర ముసఫ్ఫా కూలీల క్యాంపులో ఉంటూ, సెలవు రోజుల్లో బకెట్ల మీద వాయించి నేర్చుకుని, పదేళ్లకు ఈ స్టేజీ ఎక్కినవాడు. వీసా పోతే మళ్లీ కట్టడాల సైటుకే.

"సార్, మీరు వొయ్యి ఆమెతోని మాట్లాడుండ్రి," అన్నాడు.

"ఒకరి గుమ్మం ఎక్కి అడగడం మా ఇంట్లో లేదు."

"మీ ఇల్లే లేకపాయె సార్. ఇంక గుమ్మం యాడిది?"

తెలుగు వచ్చినవాళ్లంతా నవ్వారు. నేను కోటు సర్దుకున్నాను.

మర్నాడు సాయంత్రం బ్యాండు మొదలయ్యాక వెళ్లాను. కాగితం మీద ఫ్లాటు నంబరు ఉంది. తలుపు వెనక ఫోన్లో మాటలు వినిపించాయి. "ఆఁ, పప్పుచారే పెట్టుకున్నాను. తెల్లారి నాలుగున్నరకే బస్సొచ్చేత్తాది." గోదావరి మాట. ఆ రోజు ఇంగ్లీషులో మాట్లాడిన ఆవిడేనా అనుకుంటూ బెల్లు నొక్కాను.

ఆవిడ తలుపు తీసి నన్ను గుర్తుపట్టింది. లోపలికి రమ్మని, కుర్చీ చూపించి, ముందు గ్లాసుతో మంచినీళ్లు తెచ్చింది.

గ్లాసు అందుకున్నాను. గుమ్మం ఎక్కినవాడు పగవాడైనా సరే, నీళ్లు ఇవ్వనిదే మా నానమ్మ మాట ఎత్తనిచ్చేది కాదు. ఆ సావిడి వారసుణ్ణని చెప్పుకునే నేను ఈ మనిషిని గుమ్మంలోంచే పంపేశాను.

"ఆ రోజు మీకు మంచినీళ్లైనా ఇవ్వలేదు. తప్పు నాదమ్మా."

"నీళ్లకేముందిలెండి. ముందు ఇది వినండి."

మంచం పక్క గోడ చూపించింది. గోడకున్న చర్చి క్యాలెండరు దెబ్బదెబ్బకూ అదురుతోంది.

"పాట రాదండి. పాటైనా వత్తే జోలపాటనుకుని పడుకుందును. ఈ దెబ్బలొక్కటే వత్తాయి. పొద్దున్నే ఐసీయూలో డ్యూటీ. నా చెయ్యి వణికితే అక్కడోళ్ల పనేం కాను?"

"ఒకసారి వచ్చి పాట వినండి."

"మా పాస్టరుగారు చూత్తే, ఇంక మీ హాల్లోనే కాపురం ఉండాలండి నేను."

ఇద్దరం నవ్వాం. పాట ఆపమని తను రాయలేదని, వారం రోజులు కంటినిండా నిద్రపడితే కాగితం వెనక్కి తీసుకుంటానని చెప్పింది.

ముదీర్‌తో చెప్పి, కాలితో తొక్కి వాయించే పెద్ద డ్రమ్మును ఆ రోజే స్టోరు గదిలో పెట్టించాను. డ్రమ్మర్ చేతికి ఢోలక్ వచ్చింది. "నన్ను బతికించనీకి నా కాలు తీసిన్రు సార్," అన్నాడు. ఊపు తగ్గిందని పాత గిరాకీలు కొందరు రావడం మానేశారు. వారం దాటాక ఆవిడ మాట నిలబెట్టుకుంది. మీటరు పట్టుకుని వచ్చిన ఇన్‌స్పెక్టర్ గోడకు చెవి కూడా ఆనించి చూశాడు. ఇంకో ఏడాదికి పర్మిట్ వచ్చింది.

ఇప్పుడు ఆవలి పక్క ఇసుకలోనూ ఇళ్లు లేచాయి. మొన్న మొదటి కుటుంబం లారీలోంచి సామాను దించుతోంది. వాళ్లు వచ్చి పిలవాలని ఆగలేదు. ట్రేలో నీళ్ల గ్లాసులు పెట్టుకుని బయల్దేరాను.

"నడుం జర వంచుండ్రి సార్, నీళ్లు ఒలుకుతయి," అన్నాడు వెనకాల డ్రమ్మర్.

వంచలేదు. ఒలకనూ లేదు.