సువిల్లా వేసిన సెలరీ

ఆ ఏడు సువిల్లా పీటర్‌షైమ్ తన పెరట్లో సెలరీ కాడకూర నాలుగు సాళ్ళు వేసింది. ఎప్పుడూ అర సాలు వేసే మనిషి. ఇంకేముంది, పీక్వే వాగు పొడుగునా ఉన్న, కార్లూ కరెంటూ ముట్టని మా ఆమిష్ క్రైస్తవుల ఇళ్ళన్నిటికీ చెవులు కొరుక్కునే పని దొరికింది. పెళ్ళి మాట మా దగ్గర ఎవరూ పైకి అనరు. శరదృతువులో సంఘం పెద్ద డీకన్ లేచి ఆదివారం ప్రార్థన సభలో పేర్లు చెప్పేదాకా కన్నతల్లి కూడా ఏమీ ఎరగనట్టే తిరగాలి. కానీ పెళ్ళి భోజనం సెలరీ లేకుండా జరగదు, పెరట్లో పెరిగే సెలరీని దుప్పటి కప్పి దాచలేరు. అందుకని ఎండాకాలంలో దారిన పోయే ప్రతి గుర్రబ్బండీ, ఆడపిల్లలున్న ఇంటి పెరడు రాగానే కాస్త నెమ్మదిస్తుంది. లోపల కూర్చున్నవాళ్ళు సాళ్ళు లెక్కపెట్టుకుంటారు.

సువిల్లాకి ఆడపిల్లలు లేరు. అసలు పిల్లలే లేరు. నలభై దాటింది. మొగుడు ఎలామ్ పశువుల కొట్టంలో గడ్డి అటక మీంచి జారిపడి పోయి నాలుగేళ్ళయింది. ఇక మిగిలింది తనూ, ఆ ఇంటికి అతికించి కట్టిన చిన్నింట్లో అత్తగారు ఆరీ. మరి ఆ సెలరీ ఎవరికి?

"ఏమే, కుందేళ్ళేమైనా పెంచుతున్నావా?" అంది కంచె అవతలినుంచి పొరుగింటి మ్యాటీ.

"రోడ్డు పక్కన బల్లేసి అమ్ముతాను. కార్లలో వచ్చేవాళ్ళు కొంటారు."

"నాలుగు సాళ్ళూనా? కార్లవాళ్ళకి సెలరీ మీద అంత మోజు ఎప్పట్నించి?"

"నీకూ ఓ కట్ట ఇస్తాలే. నోట్లో పెట్టుకుని నములు. అంతసేపైనా ఊరుకుంటావు."

మ్యాటీ పడీపడీ నవ్వింది గానీ నమ్మలేదు. అయితే పెళ్ళికొడుకు ఎవరై ఉంటాడో ఆమెకే కాదు, ఎవరికీ అంతుపట్టలేదు. ఎందుకంటే బెన్యువెల్ రీల్ ఆ ఇంటికి ఎప్పుడు వచ్చినా పని మీద వచ్చినట్టు భుజాన తోలు పట్టీలు వేసుకునే వచ్చేవాడు.

బెన్యువెల్ గుర్రాల జీనులు కుట్టేవాడు. భార్య కడుపులో కురుపుతో పోయి మూడేళ్ళు. పెళ్ళయిన కూతురు లావినా అతని ఇంట్లోనే కాపురముండేది. సువిల్లా, అతనూ చిన్నప్పుడు ఒకే బళ్ళో చదువుకున్నారు. ఒకసారి నిజంగానే ఆమె గుర్రం పట్టీ తెగింది. వచ్చి కుట్టి వెళ్ళాడు. పనయ్యాక వసారాలో కూర్చుని కాఫీ తాగి, చనిపోయినవాళ్ళ గురించి కాసేపు మాట్లాడాడు. తన ఇంట్లో ఎలామ్ పేరు ఎత్తితే గొంతు తగ్గించని మనిషి అతనొక్కడే అని ఆమెకి అనిపించింది. తరవాతి నెలలో మళ్ళీ పట్టీ తెగింది. అతను దాన్ని తిప్పి తిప్పి చూశాడు.

"సువిల్లా, ఇది తెగలేదు. తెగ్గోసినట్టుంది."

ఆమె పట్టీ వంక చూడకుండా గుర్రం జూలు సర్దింది.

"నీ గుర్రానికి కోపమొచ్చి కత్తి అందుకుందా ఏం?"

ఆమెకి సిగ్గు ముంచుకొచ్చింది, దాని వెనకే నవ్వొచ్చింది. ఆపుకోలేక నడుముకి కట్టుకున్న ఏప్రన్ అంచు నోట్లో కుక్కుకుంది. ఆ నవ్వు విని ఆమెకే భయమేసింది. ఎలామ్ పోయాక ఆ ఇంట్లో ఎవరూ నవ్వలేదు.

జూలైలో నారు నాటే వేళకి అతను కంచె దగ్గర నిలబడి, గుర్రం మెడ నిమురుతూ, ఆమె వైపు చూడకుండా అన్నాడు:

"ఈ ఏడు సెలరీ కాస్త ఎక్కువ వెయ్యి."

మా మగవాళ్ళకి అంతకన్నా పెద్ద మాట రాదు. వచ్చినా అనరు. ఆమె "ఊఁ" అని లోపలికి వెళ్ళి, రొట్టె పిండి పిసుకుతూ కూర్చుంది.

అత్తగారితో ఎలా చెప్పడం అన్నదే ఆమెకి దిగులు. ఆరీకి ఎలామ్ ఒక్కడే కొడుకు. అతని నల్ల టోపీ పెద్ద గదిలో మేకుకి ఎలా తగిలించి ఉందో అలాగే ఉంది. దుమ్ము దులపడానికి కూడా ఎవరినీ ముట్టుకోనివ్వదు, తనే దులిపి మళ్ళీ అక్కడే పెడుతుంది. ముసలావిడ నోటికి కటువు. సెలరీ సాళ్ళు చూసి ఒక్క ముక్క కూడా అడగలేదు. అడగకపోవడమే సువిల్లాని ఎక్కువ హడలగొట్టింది.

ఆకురాలే కాలానికి సెలరీ మోకాళ్ళ ఎత్తు పెరిగింది. మొదళ్ళు తెల్లగా ఉండాలంటే చుట్టూ మట్టి ఎగదోయాలి. ఒకరోజు సువిల్లా పాలు పితికి వచ్చేసరికి రెండు సాళ్ళకి ఎవరో చక్కగా మట్టి ఎగదోసి ఉన్నారు. ఇంకో వారంలో మిగతా రెండూ. బెన్యువెల్ పనే అనుకుంది. తను లేనప్పుడు వచ్చి, చెప్పకుండా చేసిపోయాడని మురిసిపోయింది. అడిగితే ఆ తీపి పోతుందని అడగలేదు.

మా సభ వారం విడిచి వారం, వంతు ప్రకారం ఒక్కో ఇంట్లో జరుగుతుంది. అక్టోబరు చివర్లో, పెళ్ళి పేర్లు చెప్పడం మొదలయ్యే ఆదివారం వంతు సువిల్లా ఇంటికే వచ్చింది. ముందురోజు, సభ జరిగే ఇంటికల్లా తిరిగే బల్లల బండి వచ్చింది. మగవాళ్ళు బల్లలు దింపి పెద్ద గదిలో వరసలుగా వేశారు. ఎలామ్ పోయినప్పుడు శవప్పెట్టె ఉంచిన గది అదే. టోపీ ఉన్న మేకు కిందే ఆరీ కూర్చునే చోటు. అక్కడ డీకన్ లేచి, ఈ ఇంటి కోడలు ఫలానా మనిషిని పెళ్ళాడబోతోంది అంటాడు. ఆ ముసలి మొహం ఎలా అయిపోతుందో సువిల్లా తలుచుకోలేకపోయింది. బల్లలు మోయడానికి వచ్చిన బెన్యువెల్‌ని పాల గది వెనక్కి పిలిచింది.

"ఈసారి వద్దు. డీకన్‌తో ఏమీ చెప్పకు. ఇంకొక్క సభ ఆగుదాం. వేరే వాళ్ళింట్లో అయితే అత్త తట్టుకుంటుంది."

అతను టోపీ తీసి అంచు తిప్పాడు. బాధపడ్డాడు, అది దాచుకోవడమూ రాలేదు.

"లావినాకన్నా చెప్పనా?"

"వద్దు. చెప్తే అందరికీ చెప్పినట్టే."

"సరే. సెలరీకేం తొందర? గట్టి మంచు పడేదాకా నిలుస్తుంది," అని నవ్వాడు.

ఆ ఆదివారం దాటిన రెండో వారంలోనే, తరవాతి సభకి ఇంకా రోజులుండగా, మధ్యాహ్నం పూట మ్యాటీ కంచె దాటి వచ్చింది. మొహాన నవ్వు లేదు. సువిల్లా బట్టలు ఆరేస్తోంది.

"బెన్యువెల్ రీల్ పోయాడే. కొండ మలుపులో వెనకనుంచి కారు కొట్టేసిందిట. గుర్రం కూడా పోయింది. పాపం, ఎవరికో జీను ఇచ్చి వస్తున్నాడు."

సువిల్లా చేతిలో తడి దుప్పటి ఉంది. దాన్ని తాడు మీద వేసింది. క్లిప్పు పెట్టింది. ఇంకో క్లిప్పు పెట్టింది.

"మట్టికి మూడు నాలుగొందల మంది వస్తారు," అంది మ్యాటీ కళ్ళొత్తుకుంటూ. "వంటకి సామాను పోగుచేస్తున్నాం. నీ దగ్గర సెలరీ ఉంది కదా. ఎటూ అమ్మేదేగా..."

"కోసుకోండి," అంది సువిల్లా. "మొత్తం కోసుకోండి."

మావాళ్ళలో చావుకి అన్నీ కట్టుబాట్లే. మొగుడు పోయినా, పెళ్ళాం పోయినా ఏడాది నలుపు కట్టాలి. తాత పోతే ఆరు నెలలు. ఎక్కడో దూరాన ఉండే పినతండ్రి కొడుకు పోయినా ఆరు వారాలు. ఆ రాత్రి సువిల్లా మంచం మీద కూర్చుని ఆ వరసంతా మనసులో తిరగేసింది. పేరు చెప్పని పెళ్ళికూతురికి అందులో ఎక్కడా చోటు లేదు. మట్టి ఇచ్చేరోజు అందరితో పాటు నలుపు కట్టొచ్చు. మర్నాడు పొద్దున్నే విప్పేసి నీలం గౌను వేసుకోవాలి. ఒక్క సభ. ఒక్క సభ ముందు నోరు విప్పనిచ్చి ఉంటే, ఏడవడానికైనా హక్కు ఉండేది కదా అని తనని తాను తిట్టుకుంది.

అంత్యక్రియల రోజు బెన్యువెల్ ఇంట్లో ఆమె వరసలో నిలబడి, పొరుగువాళ్ళందరిలాగే పెట్టెలో అతని మొహం ఒక్క క్షణం చూసింది. వెనకున్నవాళ్ళకి అడ్డం కాకుండా జరిగి, వంటింట్లోకి నడిచింది. చావొచ్చిన ఇంటివాళ్ళు మాలో పుల్ల తీసి అటు పెట్టరు. వంటా, పశువులూ, పాలూ అన్నీ పొరుగువాళ్ళే చూసుకుంటారు. సువిల్లా పొరుగు మనిషి. ఆమెకి చెక్కపీటా, కత్తీ ఇచ్చి, బల్ల నిండా సెలరీ పోశారు. క్యాబేజీలో కలపడానికి సన్నగా తరగాలి. చుట్టూ ఆడవాళ్ళు బంగాళాదుంపలు ఒలుస్తున్నారు, ఎండుద్రాక్ష కూరిన తీపి రొట్టెలు ముక్కలు కోస్తున్నారు.

"ఎంత బాగా పండించావే! పెళ్ళి బల్ల మీద పెట్టేలా ఉంది," అంది ఎవరో, పాపం మంచి మనసుతోనే.

సువిల్లా తల ఎత్తకుండా తరుగుతోంది. వాసన ముక్కుకి తగులుతోంది. ఉల్లిపాయలైతే బాగుండును అనుకుంది. కళ్ళ నీళ్ళకి ఓ సాకైనా ఉండేది.

అప్పుడు గుమ్మంలో ఆరీ కనబడింది. కర్ర పొడుచుకుంటూ తిన్నగా వచ్చి, కోడలి చేతిలోంచి కత్తి లాగేసుకుంది.

"ఇవ్వు ఇలా. చావొచ్చినవాళ్ళు కూరలు తరుగుతారా?"

"అత్తా, ఏంటిది... వీళ్ళకి నేనేమీ కాను."

"ఏమీ కానిదానికి నాలుగు సాళ్ళ సెలరీ ఎందుకే?"

మ్యాటీ నోరు తెరిచి, జన్మలో మొదటిసారి ఏమీ అనకుండా మూసుకుంది.

"నీకు తెలుసా?" అంది సువిల్లా.

"మట్టి ఎగదోసింది ఎవరనుకున్నావు?"

"అతనే..."

"జీనులు కుట్టేవాడికి సెలరీ గొడవేం తెలుసు? నేనే. నడుం పట్టేసి రెండ్రోజులు లేవలేకపోయాను కూడా." ముసలావిడ కత్తి బల్ల మీద పెట్టింది. "నోటితో చెప్పలేకపోయానే అమ్మాయ్. చెప్దామని వస్తే మా ఎలామ్ టోపీ కనబడేది, మాట ఆగిపోయేది. చేత్తో చేస్తే నీకే తెలుస్తుందిలే అనుకున్నాను."

సువిల్లాకి అప్పుడు అంతా అర్థమైంది. ఏ ముసలి మొహం కోసం తను ఆ ఒక్క సభ ఆపమందో, ఆ మనిషి ఆగమని ఎన్నడూ కోరలేదు. పెళ్ళికి తెల్లటి మొదళ్ళు కావాలని వంగి మట్టి తోసింది. ఒక్కసారి అడిగి ఉంటే సరిపోయేది. ఇద్దరూ ఒకే కప్పు కింద ఉంటూ, ఒకరికి ఒకరు బాధ కలిగించకూడదని నోళ్ళు కుట్టేసుకున్నారు. ఆమె బల్ల పట్టుకుంది.

ఆరీ ఆమె మణికట్టు పట్టుకుని, ఆడవాళ్ళందరి మధ్యనుంచి పెద్ద గదిలోకి నడిపించింది. పెట్టెకి ఎదురుగా బల్ల మీద లావినా, తండ్రి తోబుట్టువులూ కూర్చుని ఉన్నారు. ప్రార్థన ఇంకా మొదలవలేదు.

"లావినా," అంది ఆరీ, "మీ నాన్న దీన్ని చేసుకోబోయాడు. ఆలస్యమైంది మా ఇంటివల్ల. కాస్త జరుగు తల్లీ."

లావినా ఎర్రబడ్డ కళ్ళతో పైకి చూసింది. కోపం వస్తుందేమో అనుకుంది సువిల్లా. ఆ పిల్ల సువిల్లా వేళ్ళకి అంటిన ఆకుపచ్చ మరక వంక చాలాసేపు చూసింది.

"అందుకేనా," అంది మెల్లగా, "వారం నుంచీ ఇంట్లో పాడుకుంటూ తిరిగాడు."

జరిగి చోటిచ్చింది. సువిల్లా కూర్చుంది. చెయ్యడానికి పనేమీ లేక చేతులు ఒళ్ళో పెట్టుకుంది. అప్పుడు ఏడ్చింది, అందరి ముందూ, గొంతెత్తి. వంటింట్లో ఎవరో ఆమె వదిలిన కత్తి అందుకుని మిగతా సెలరీ తరగడం మొదలుపెట్టారు.