వరలక్ష్మి మేడం దగ్గిన రోజు

వరండాలో ఎవరైనా దగ్గితే నా చేతిలో పని ఆగిపోతుంది. ఆ దగ్గు గొంతులోంచి వచ్చిందా, గుండెల అడుగునుంచి వచ్చిందా అని చెవి దానంతటదే తేల్చేస్తుంది. ఈ పాడు అలవాటు వరలక్ష్మి మేడం అంటించింది. అరకు దగ్గర మా ఆసుపత్రి ల్యాబుకు ఆవిడ ఇన్‌ఛార్జి. విజయనగరం మనిషి, నోరు పెద్దది, ఓపిక చిన్నది. కొత్తగా చేరిన టెక్నీషియన్‌ని నేను, ఆవిడ కేకేస్తే చేతిలో స్లైడు జారేది.

ఒక సంత రోజు డుంబ్రిగుడ వైపు నుంచి సోమన్న అనే రైతు వచ్చాడు. చాన్నాళ్లుగా దగ్గు, సాయంత్రమైతే జ్వరం. డాక్టరుగారు టీబీ అనుమానించి, కళ్లె పరీక్ష అర్జంటని రాశారు. అతను ఇచ్చిన డబ్బాను మేడం వెలుతురులో పెట్టి చూసింది.

"ఏటిది సోమన్నా? ఇది ఉమ్మి. నువ్వు పొద్దున్న తాగిన చోడి అంబలి. నాకు కళ్లె కావాల, గుండెల్లోంచి."

"అంతే వత్తందమ్మా. అవతల జీపెలిపోతాది."

రెండోసారీ ఉమ్మే. ఈలోగా పన్నెండు దాటింది. పన్నెండు తర్వాత శాంపిళ్లు తీసుకోబడవని తలుపు మీద బోర్డు ఉంది కదా, ఉన్నదాన్నే పరీక్ష చేసేద్దామన్నాను. మేడం చూసిన చూపుకు ఆ బోర్డు ఊడిపడాల్సింది.

"ఉమ్మిలో ఏటీ కనపడదు. జబ్బు నేదని రాసిచ్చేత్తావు. ఈ మనిషి ఇంటికెళ్లి మనవరాల్ని గుండెల మీద పడుకోబెట్టుకుంటాడు. అప్పుడేటి సేత్తావు?"

ఆ పాపకు ఇంకా ఏడాది నిండలేదు. తాత రొమ్ము మీద తప్ప నిద్రపోదని పొద్దున సోమన్నే మురిసిపోతూ చెప్పాడు. నేను ఇంకో ఖాళీ డబ్బా తీశాను.

మేడం మొదట బయటికెళ్లి, సోమన్న ఎక్కాల్సిన జీపు డ్రైవరు దగ్గర తాళం లాక్కుని కోటు జేబులో వేసుకుంది. తర్వాత సోమన్నను ఆసుపత్రి వెనక ఎండలోకి తీసుకెళ్లి, ఎలా దగ్గాలో తనే చూపించడం మొదలుపెట్టింది. నడుం మీద చేతులు పెట్టి, ఊపిరి బిగబట్టి ఒక దగ్గు దగ్గితే చెట్టు మీది కాకులు లేచిపోయాయి. రెండో దగ్గుకు కళ్లు ఎర్రబడ్డాయి. మూడో దగ్గుకు అటెండరు అప్పలనాయుడు చక్రాల కుర్చీతో పరుగెత్తుకొచ్చాడు. ఏమైందని అడిగిన పాపాన పోలేదు, ఆవిడను అందులో కూలేశాడు.

"బేగి తప్పుకోండి, మేడంకి ఊపిరాడ్నేదు" అంటూ క్యాజువాలిటీ వైపు తోసుకుపోసాగాడు.

"నాకేటీ అవనేదురా, దింపరా" అని ఆవిడ మొత్తుకుంటోంది.

సోమన్న నవ్వాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వు దగ్గయింది, దగ్గు లోలోపలికి దిగింది. కుర్చీలోంచే మేడం కేక పెట్టింది: "డబ్బా అందియ్యండెహె!"

ఈసారి డబ్బాలో పడింది అసలైన కళ్లె.

స్లైడుకు రంగులు ఆవిడే వేసింది. చూడమని నన్ను పిలిస్తే, మైక్రోస్కోపులో నీలం మీద సన్నటి ఎర్ర పుల్లలు. టీబీయే. గుమ్మంలో నిలబడ్డ సోమన్నతో "టీబీ వచ్చింది" అనబోతుంటే మేడం నా చెయ్యి గిల్లి, తనే చెప్పింది.

"దొరికింది సోమన్నా. ఇన్నాళ్లూ నీ లోపల నక్కింది, ఇయ్యాల దొరికిపోనాది. మందులు ఇయ్యాలే మొదలెట్టు. ఆ పసిగుంటని వాళ్లమ్మ దగ్గర పడుకోనీ. మళ్లీ సంతకి దాన్నీ తీసుకురా, చూద్దాం."

సోమన్న ఏడుస్తాడనుకున్నాను. "దొరికిందా" అని తల ఊపి, మందులెక్కడిస్తారని అడిగాడు. మరుసటి సంతకు పాపను ఎత్తుకొచ్చింది తల్లి. డాక్టరుగారు చూశారు, పాపకు ఏమీ అంటలేదు. నాకు ఏడుపొచ్చింది.

మేడం రిటైరైంది. ఆవిడలా దగ్గడం నాకు అబ్బలేదు. ఒకసారి ప్రయత్నిస్తే పేషెంటే జాలిపడి మంచినీళ్లు తెచ్చిచ్చాడు. కానీ జబ్బు ఉందని చెప్పాల్సి వస్తే, ఎంత హడావుడిలో ఉన్నా "వచ్చింది" అనను, "దొరికింది" అంటాను. వాళ్లు ఒక్క క్షణం నా ముఖంలోకి చూస్తారు. తర్వాత, మందులెక్కడిస్తారని అడుగుతారు.